చుక్క నడక

ఈ నడుమ మా రాయచోటిలో నొక రక్తదాన శిబిరము జరిగినది. మా పినతల్లి కూతురు, ఇద్దరు బిడ్డల తల్లి, తానును నెత్తురు నిత్తునని ముచ్చటపడి యచ్చటికి వెళ్లినది. అచ్చటి నర్సు ఆమె వ్రేలికొనను సూదితో పొడిచి, ఒక్క నెత్తురుచుక్కను నీలిరంగు ద్రావణముగల గాజుపాత్రలో విడిచినదట. ఆ చుక్క కొంతదూరము దిగి, క్షణమాగి, మరల పైకి వచ్చినదట. "ఇప్పుడు మీ నెత్తురు తీసికొనము, ఒకమారు వైద్యునికి చూపించుకొనుడు" అని మర్యాదగనే చెప్పి పంపిరి. ఇంటికి వచ్చి యామె కంట నీరు పెట్టుకొని, "అక్కా, నా నెత్తురు నీళ్లమాదిరి ఉందంట. చుక్క తేలిపొయ్యిందంట. నాకేమన్నా పెద్దజబ్బు ఉందంటావా?" అని మమ్ము నడిగినది.

ఆమెకు మేము చెప్పిన సమాధానమే యీ వ్యాసము. ఒక చుక్క మునుగుట, తేలుట, త్వరగ పోవుట, మెల్లగ పోవుట యనునది శాస్త్రజ్ఞులు నూఱేండ్లకు పైగా పరిశోధించిన విషయము. అయినను దానిని తెలిసికొనుటకు ప్రయోగశాలతో పనిలేదు. మన వంటయింట నూనెగిన్నెయు, పాలతపేలయు, చల్లకుండయు నున్నవి. వానిలో ప్రతిదినము కోట్లకొలది చుక్కలు మన కన్నులయెదుటనే నడచుచున్నవి. ముందు వానిని చూచి, పిమ్మట నెత్తురుచుక్క దగ్గఱకు పోవుదము.

ఏ దిక్కునకు?

రాయచోటి సీమ మెట్టభూమి. వానచినుకును నమ్ముకొని వేరుసెనగ విత్తు ప్రాంతము. మన యిండ్లలో తాలింపునకును, పిండివంటలకును వేరుసెనగనూనెయే వాడుక. ఆ నూనెగిన్నెను కడుగబోయి నీరు పోసినప్పుడు నూనె చుక్కలు చుక్కలుగా విడిపోయి పైకి లేచుట మనమందఱ మెఱిగినదే. కారణము సులభము. ఒక లీటరు నీరు కిలోగ్రాము తూగగా, ఒక లీటరు వేరుసెనగనూనె రమారమి 915 గ్రాములే తూగును. చుక్క తన చుట్టునున్న ద్రవముకంటె తేలికయైన లేచును, బరువైన దిగును. రెండును సమమైన, ఎచ్చట నుంచిన నచ్చటనే నిలుచును. చుక్క నడకకు మొదటి సూత్ర మిది.

ఈ సూత్రమును మఱచుటవలన వంటయింట ప్రాణాపాయమే కలుగవచ్చును. కాగుచున్న నూనెలో నీటిచుక్క పడినదనుకొనుడు. నీరు బరువు గనుక నూనెలోనికి దిగును. నీరు 100 డిగ్రీలకే ఆవిరియగును; నూనెవేడి యంతకంటె నెంతయో హెచ్చు. లోపలనే చుక్క యావిరియై తన పరిమాణమునకు రమారమి 1,600 రెట్లు పెరిగి, పైనున్న నూనెను చిమ్మును. తడిచేతితో బూరెలు వేయునప్పుడు నూనె చిటపటలాడుట కిదియే కారణము. కావున మూకుడులోని నూనె యంటుకొని మండునప్పుడు దానిపై నీరు పోయనే కూడదు. పోసిన నీరు మంటను కప్పక, మండుచున్న నూనె యడుగునకు దిగి, యావిరియై, మంటను ఇల్లంతయు చల్లును. పొయ్యి నార్పి, మూకుడును కదల్పక, సరిపోవు లోహపు మూతను ప్రక్కనుండి జరిపి కప్పి, చల్లారువఱకును మూత తీయకుండుటయే తగినపని.

ఎంత వేగముగా?

దిక్కు తెలిసినది. ఇక వేగము. దీనిని సోదరీమణులు స్వయముగా చూడవచ్చును. ఒక గాజుగ్లాసులో పది సెంటీమీటర్ల లోతున నూనె పోయుడు. కొంచెము నీటిలో రంగు కలిపి, మందుసీసాలో వచ్చు చిన్న గొట్టముతో నొక పెద్దచుక్కను, ఒక చిన్నచుక్కను నూనెలో విడువుడు. రెండును గుండ్రని పూసలవలె దిగును గాని, పెద్దది ముందు పోవును, చిన్నది వెనుకబడును. 2 మిల్లీమీటర్ల చుక్క రమారమి అరనిమిషములో నడుగు చేరిన, 1 మిల్లీమీటరు చుక్క రమారమి రెండు నిమిషములు తీసికొనును. పరిమాణమున సగమైనది, వేగమున నాల్గవవంతే యగుచున్నది.

ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జార్జి స్టోక్సు 1851వ సంవత్సరమున ప్రకటించిన గణితములో నీ రహస్యము కలదు. ద్రవములో మెల్లగ దిగు చిన్న గోళపు వేగము మూడింటి ననుసరించియుండును. గోళమునకును ద్రవమునకును గల బరువు భేదమెంతయో, వేగమంత హెచ్చు. చుట్టునున్న ద్రవపు చిక్కదన మెంతయో, వేగమంత తక్కువ. గోళపు పరిమాణము రెట్టింపైన వేగము నాలుగు రెట్లు, మూడింతలైన తొమ్మిది రెట్లు.

గానుగవారి పని యీ లెక్కకు చక్కని యుదాహరణము. క్రొత్తగా ఆడిన నూనె మబ్బుగా నుండును. అందులో సన్నని పిండినలుసులును, కంటికి కానరాని నీటితుంపరలును కలవు. వేరుసెనగనూనె నీటికంటె రమారమి అఱువది రెట్లు చిక్కన. పైగా ఆ తుంపరలు మిక్కిలి చిన్నవి. అందుచేత నవి యడుగునకు దిగుటకు దినములు పట్టును. నూనెను కొంతకాలము కదల్పక యుంచి, పైతేటను వంచుకొనుట యందుకే. ఎండలో పెట్టిన నూనె త్వరగా తేఱుటకును హేతువిదియే. వేడికి నూనె పలుచనగును, తుంపర దారి సులభమగును. మన పెద్దలకు స్టోక్సు పేరు తెలియదు గాని, ఆయన సూత్రము వారి చేతిలో నుండెను.

పాలమీగడ మఱియొక యుదాహరణము. పాలు తెల్లగ కనుపించుటకు వానిలోని వెన్నబిందువులును, కేసీను అను మాంసకృత్తు కణములును కారణములు. ఆవుపాలలోని వెన్నబిందువుల సామాన్య పరిమాణము మిల్లీమీటరులో 250వ వంతు. అట్టి బిందువు ఒంటరిగా లేచినయెడల గంటకు రమారమి రెండు మిల్లీమీటర్లే పోగలదు. చల్లనివేళ ఆవుపాలలోని బిందువులు గుంపులు కట్టును. గుంపంతయు నొక పెద్దచుక్కవలె నడచును గనుక మీగడ త్వరగా పైకి చేరును. నేడు దుకాణమునుండి తెచ్చుకొను పాలపొట్లములలో కొన్నింటిపై 'హోమోజినైజ్డు' అను మాట యుండును. ఆ పాలను మిక్కిలి యొత్తిడితో సన్నని సందులగుండ పంపి, వెన్నబిందువులను మిల్లీమీటరులో వెయ్యవవంతునకును లోబడునట్లు చీల్చుదురు. ఫ్రాన్సుదేశీయుడైన ఆగస్టు గోలె 1899లో నీ యంత్రమునకు హక్కుపత్రము పొందెను. బిందువు నాల్గవవంతైన వేగము పదునాఱవవంతగును గదా! అందుచే అట్టి పాలమీద మీగడ కట్టదు. "ఈ పాలలో వెన్న తీసివేసినారు" అని పాలవానిని అనుమానింప పనిలేదు. వెన్న యున్నది, లేచుటకు దానికి శక్తి చాలకున్నది.

చుక్క రాయి కాదు

ఇంతవఱకు చుక్కను గులకరాతివలె భావించితిమి. కాని చుక్కయు ద్రవమే గదా! రాతి లోపల నేమియు కదలదు. ద్రవపుచుక్క యట్లుకాదు. బయటి ద్రవము దాని ప్రక్కలను రాచుకొని పోవునప్పుడు చుక్కయొక్క పైభాగమును తనవెంట నీడ్చును. ఆ యీడ్పునకు చుక్కలోని ద్రవముకూడ నడుమనుండి ముందునకును, అంచులనుండి వెనుకకును సుడి తిరుగును. రాపిడి తగ్గును గనుక, చుక్క రాతికంటె కొంత త్వరగా పోవలెను. 1911లో ఫ్రెంచి గణితవేత్త జాక్సు హడమార్డును, పోలండు దేశీయుడు విటోల్డు రిబ్‌చిన్‌స్కీయు వేఱువేఱుగ నీ లెక్క కట్టిరి. చుక్క మిక్కిలి పలుచనిదై చుట్టునున్న ద్రవము మిక్కిలి చిక్కనిదైనచో, వేగము స్టోక్సు చెప్పినదానికి ఒకటిన్నర రెట్లు కావలెనని తేలినది.

కాని ప్రయోగము చేసి చూచినవారికి వింత యెదురైనది. పెద్దచుక్కలు క్రొత్తలెక్కకు దగ్గఱగా నడచినను, చిన్నచుక్కలు మాత్రము ద్రవమను సంగతి మఱచి, రాళ్లవలెనే నడచినవి. వాని లోపలి సుడిని ఆపినదెవరు?

ఈ ప్రశ్నకు దారిచూపిన పరిశోధనకు నాంది పలికినది ఒక గృహిణి యని చెప్పుటకు మాకు మిక్కిలి సంతోషముగా నున్నది. ఆమె పేరు ఆగ్నెసు పాకెల్సు. 1862లో జన్మించినది. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగు పట్టణమున రోగపీడితులైన తల్లిదండ్రులకు సేవచేయుచు, వంటవార్పు చూచుకొనుచు నింటనే యుండినది. ఆ కాలమున స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశము లేదు. తమ్ముడు భౌతికశాస్త్రమును చదువుచుండగా, అతని పుస్తకములవలన నామెకు కొంత జ్ఞానము కలిగినది. జిడ్డుగిన్నెలు కడుగు నీటిపై నూనె, సబ్బు మొదలగునవి పలుచని పొరగా పఱచుకొనుటయు, ఆ పొరవలన నీటి యుపరితలపు బిగువు మాఱుటయు నామె కనిపెట్టినది. శాస్త్రజ్ఞులు ఈ బిగువునే తలతన్యత యందురు. ఇరువదియేండ్ల ప్రాయమున రేకుతొట్టియు, రేకుబద్దయు, ఒక చిన్నత్రాసును సాధనములుగా గొని, పొరను నెట్టి దగ్గఱచేసిన బిగువెట్లు తగ్గునో కొలిచినది.

పదియేండ్లపాటు ఆమె పని నెవ్వరును పట్టించుకొనలేదు. 1891 జనవరిలో ఆమె ఇంగ్లండునందలి ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు రాలే ప్రభువునకు జర్మనుభాషలో నొక జాబు వ్రాసినది. ఆయన దాని విలువ గ్రహించి, ఆంగ్లానువాదమును 'నేచర్' అను శాస్త్రపత్రికకు పంపగా, అదేయేట మార్చినెలలో నది ప్రకటింపబడినది. ఆమె తొట్టి ననుసరించియే తరువాతివారు పరికరములు నిర్మించిరి. 1932లో, ఆమెకు డెబ్బదియేండ్లు నిండిన యేట, బ్రౌన్‌ష్వైగు సాంకేతిక విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమిచ్చినది. 1935లో నామె పరమపదించినది.

చిన్నచుక్కను రాతిగా మార్చునది యట్టి పొరయే. మన మెంత శుభ్రముచేసినను ద్రవములలో సబ్బువంటి పదార్థములు లేశమైన నుండకపోవు. అవి చుక్కచుట్టును చేరి పలుచని పొర యగును. చుక్క నడచునప్పుడు ఆ పొర వెనుకకు నెట్టబడి యచ్చట క్రిక్కిఱియును, ముందుభాగము బట్టబయలగును. చాపమీది దుప్పటి కాళ్లవైపునకు జాఱి ముడుచుకొనిన ట్లనుకొనుడు. పొర చిక్కగా నున్న వెనుకభాగమున బిగువు తక్కువ, పొర లేని ముందుభాగమున బిగువెక్కువ. అందుచే ముందుభాగము పొరను తనవైపునకు లాగుచుండును. వెనుకకు నీడ్చు ద్రవమునకును, ముందునకు లాగు బిగువునకును సరిపోవుటచే చుక్కపైభాగము కదలక నిలుచును. పైభాగము నిలిచిన లోపలి సుడియు నాగును. 1947లో రష్యాదేశపు శాస్త్రజ్ఞులు ఫ్రూమ్‌కిను, లెవిచ్ అనువా రీ విషయమును గణితముతో నిరూపించిరి. చుక్కకును చర్మము కలదనియు, ఆ చర్మమే దాని నడతను నిర్ణయించుననియు మనము గ్రహింపవలయును.

కవ్వము చేయు పని

ఈ చర్మమును తీసివేయు విద్యయు, తొడుగు విద్యయు మన యింట నిత్యము జరుగునవే.

పాలలోని ప్రతి వెన్నబిందువునకును మాంసకృత్తులు మొదలగువానితో నేర్పడిన పలుచని తొడుగు కలదు. ఆ తొడుగున్నంతకాలము బిందువులు ఒకదానికొకటి తగిలినను కలిసిపోవు. కావుననే పాలను ఎంతసేపుంచినను మీగడ కట్టునే గాని వెన్నముద్ద కానేరదు. కవ్వముతో చిలుకునప్పుడు బిందువులు ఢీకొని, తొడుగులు చినిగి, లోపలి వెన్న బయటబడి, ఒకదానితో నొకటి యతుకుకొని ముద్దయగును. వెన్న పడుటయనగా కోట్లకొలది తొడుగులు చినిగిపోవుటయే.

ఇందులో వేడిమి పాలును కలదు. వెన్న కొంత గట్టిగను, కొంత మెత్తగను నుండినప్పుడే బిందువులు చక్కగ నతుకుకొనును. రాయచోటి వేసవి యెండలో వెన్న మఱీ మెత్తబడి చెదరిపోవును. శీతకాలపు తెల్లవాఱుజామున గట్టిపడి పట్టుకొనదు. వేసవిలో చల్లబొద్దుననే చిలికి చన్నీరు పోయుట, చలికాలమున గోరువెచ్చని నీరు చేర్చుట యను మన యత్తల యలవాటు ఊరక వచ్చినది కాదు.

గిన్నెలు తోముటలో దీనికి విరుద్ధమైన పని జరుగును. కుంకుడురసము గాని, సబ్బు గాని నూనెచుక్కకు క్రొత్త తొడుగు తొడుగును. తొడుగుపడిన చుక్కలు సన్నగ చీలి, తిరిగి యొకటి కాలేక, నీటితో కొట్టుకొనిపోవును. వట్టినీటితో కడిగినప్పుడు వదలని జిడ్డు సబ్బుతో వదలుటకు కారణమిది. చిలుకుటయందు తొడుగు చింపుదుము. తోముటయందు తొడుగు వేయుదుము.

మైలుతుత్తములో నెత్తురుచుక్క

ఇప్పుడు మా చెల్లెలి నెత్తురుచుక్క దగ్గఱకు రావచ్చును. ఆ పాత్రలోని నీలిద్రావణము మఱేమియు కాదు, మైలుతుత్తము కలిపిన నీరు. సున్నముతో కలిపి చెట్లతెగుళ్లకు రైతులు చల్లునదియు నీ మైలుతుత్తమే. రెండవ ప్రపంచ సంగ్రామకాలమున, గాయపడినవారి నెత్తురును శీఘ్రముగ పరీక్షించుటకై న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థకు చెందిన ఆసుపత్రిలో రాబర్టు ఫిలిప్సు, డొనాల్డు వాన్ స్లైకు మున్నగువా రీ పద్ధతిని రూపొందించిరి. విద్యుత్తు వలదు, విలువైన యంత్రము వలదు. అందుచేత నది దేశదేశములకు వ్యాపించినది.

నెత్తురులో ఎఱ్ఱకణములు బరువైనవి; అవి యీదు పసుపుపచ్చని రసము తేలిక. ఎఱ్ఱకణములలోని హీమోగ్లోబిను అను ఇనుముగల పదార్థము ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును శరీరమంతటికి మోసికొనిపోవును. హీమోగ్లోబిను సమృద్ధిగ నున్న నెత్తురు బరువుగను, కొఱతపడిన నెత్తురు తేలికగను నుండును. మనదేశమున రక్తదాతకు ప్రతి డెసిలీటరు నెత్తురునకు, అనగా 100 మిల్లీలీటర్లకు, 12.5 గ్రాముల హీమోగ్లోబిను ఉండవలెనని నియమము. అట్టి నెత్తురు నీటికంటె 1.053 రెట్లు బరువు. అందుచే మైలుతుత్తపు ద్రావణమును సరిగా 1.053 బరువునకే కలుపుదురు. ఒక సెంటీమీటరు ఎత్తునుండి చుక్కను విడిచిన, ఆ ఊపున నది ద్రావణములో కొంతదూరము దిగును. పిమ్మట దానికంటె బరువైనచో మునుగుచునే పోవును. తేలికయైనచో ఆగి పైకి లేచును.

మఱి నెత్తురు ద్రావణములో కలిసిపోదా? ఇచ్చటనే మన పైపొర తిరిగి కనుపించుచున్నది. చుక్క ద్రావణమును తాకినతోడనే నెత్తురులోని మాంసకృత్తులును, మైలుతుత్తములోని రాగియు కలిసి, చుక్కచుట్టును చిన్నసంచివంటి తొడుగు గట్టును. ఆ సంచిలో నెత్తురు చెదరక యుండును. కాని యా రక్షణ కొలదికాలమే. రమారమి 15 సెకండ్లు దాటిన సంచిలోనిదాని బరువు మాఱ నారంభించును. అప్పుడు తేలిన చుక్కయు మునుగవచ్చును. కావున 15 సెకండ్లలోపల చూచినదే తీర్పు. ద్రావణమునుగూడ ఇరువదియైదు పరీక్షల పిమ్మట మార్చవలెనని నియమము.

ఇక నా తీర్పున కర్థమేమి? చుక్క "12.5 ఉన్నది" లేదా "12.5 లేదు" అని మాత్రమే చెప్పగలదు. ఎంత తక్కువయో చెప్పలేదు. ఎందువలన తక్కువయో అసలే చెప్పలేదు. గర్భవతి కాని స్త్రీకి 12 గ్రాములకు లోబడినప్పుడే రక్తహీనత యని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించినది. 12.2 ఉన్న స్త్రీ చుక్క తేలును, కాని యామెకు రక్తహీనత లేదు. మఱియు నెత్తురులోని మాంసకృత్తుల హెచ్చుతగ్గులవలన చుక్క బరువు మాఱి, ఈ పరీక్ష ఒక్కొక్కప్పుడు పొరపడుటయు కలదు. అందుచేతనే చుక్క తేలినవారికి వేఱుపద్ధతిని హీమోగ్లోబిను కొలిపించుకొనుట యవసరము.

మా చెల్లెలు ఆ మఱునాడే పరీక్ష చేయించుకొనినది. హీమోగ్లోబిను 10.4 అని తేలినది. పెద్దజబ్బు కాదు, ఇనుపధాతువు కొఱత యని వైద్యురాలు చెప్పి మాత్రలు వ్రాసినది. "రెండవ కాన్పు మొదలు మెట్లెక్కిన ఆయాసము, సాయంత్రమునకు తలనొప్పి. పని యెక్కువై యనుకొంటిని" అని యామె యిప్పుడు చెప్పుచున్నది. ఆ చుక్క తేలకున్నచో మఱెన్ని యేండ్లు అట్లే యనుకొని యుండెడిదో!

మన మందఱమును ఆలోచింపవలసినది

ఇది యామె యొక్కతె కథ కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో, 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో దేశమంతట నూటికి 57 మందికిని, మన ఆంధ్రప్రదేశమున నూటికి 58.8 మందికిని రక్తహీనత యున్నట్లు కనుగొనిరి. పురుషులలో నీ సంఖ్య దేశమున నూటికి 25. ఈ భేదమునకు ప్రతినెల జరుగు రక్తస్రావమును, కాన్పులును కొంత కారణము. ఇంటిల్లిపాదికి వడ్డించి, మిగిలినదే తాను తినుట యను మన ఆచారము మఱికొంత కారణము.

చేయదగిన పనులు కష్టమైనవి కావు. మన రాగిసంగటి మంచి యాహారమే. దానితోపాటు ఆకుకూరపప్పు, నానబెట్టి మొలకెత్తించిన పెసలు, అలసందలు తినవలెను. మాంసము తినువారికి మేకకాలేయము ఇనుపధాతువునకు గొప్ప నిలయము. కాని గర్భవతులు వైద్యుల నడిగియే దానిని తినవలెను. కూడుతో నిమ్మరసమో, ఉసిరికాయో, జామపండో యున్నయెడల కూరలలోని ఇనుమును శరీరము బాగుగ గ్రహించును. అన్నము తిన్నవెంటనే కాఫీ, టీలు త్రాగిన, అవి యా యినుమును అందకుండజేయును. కనుక గంటసేపైన వ్యవధి యుండవలెను. మాత్రలు తీసికొనునప్పుడును నిదే నియమము. ప్రభుత్వమువారు గర్భిణులకు నాలుగవనెల మొదలు 180 దినములును, కాన్పైన పిమ్మట 180 దినములును ఇనుపధాతువు, ఫోలికు ఆమ్లము కలిసిన మాత్రల నుచితముగ నిచ్చుచున్నారు. మలము నల్లబడినదని గాని, కడుపు బరువైనదని గాని భయపడి వానిని పాఱవేయరాదు. బాధ హెచ్చైనచో వైద్యుల నడుగవలెను. ఆ ఫోలికు ఆమ్లమును 1945లో కృత్రిమముగ తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకుడు మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే యని తెలుగువారు మఱువరాదు.

మాత్రలు వాడినను హీమోగ్లోబిను పెరుగకున్న, నెలసరి మిక్కుటమైన, మలములో నెత్తురు కనుపించిన, కారణమును వెదకించుకొనవలెను. కొఱత యొక్క ఆహారమువలననే కలుగునని నిశ్చయింపరాదు.

సోదరీమణులారా! చుక్క తేలినందుకు మా చెల్లెలు సిగ్గుపడినది. అందులో సిగ్గుపడవలసిన దేమియు లేదు. నూనెచుక్క నీటిలో లేచినట్లే, మీగడ పాలపై కట్టినట్లే, తేలికైన నెత్తురు మైలుతుత్తములో తేలినది. అది నింద కాదు, ఒక వార్త. ఇంటిలో ఉప్పు, పప్పు ఎంత యున్నదో దినదినము చూచుకొను మనము, మన యొంటిలో నెత్తు రెంత యున్నదో ఏడాది కొకమారైన చూచుకొనవలదా? మా చెల్లెలు మూడునెలలు మాత్రలు వాడి, మొన్న తిరిగి పరీక్షింపగా 12.1 వచ్చినది. వచ్చు శిబిరమునాటికి తన చుక్క మునిగితీరునని యామె పంతము. ఆనాడు మేముకూడ ఆమె వెంట వెళ్లి, మా చుక్కయు నెటు పోవునో చూచుకొనదలచినాము.